ఖాళీ అయినా తగ్గని బరువు

ఈసారి సంక్రాంతికి మా తమ్ముడు సెలవు మీద ఇంటికి వచ్చాడు. ఫౌజులో చేరి పద్దెనిమిదేళ్ళయింది. అందులో పండుగనాడు మా మధ్య కూర్చుని సకినాలు తిన్నది నాలుగో ఐదో సార్లు. అందుకే అమ్మా నేనూ ఈసారి కొంచెం అతి చేశాం. ఐదు కిలోల బియ్యం నానబోసి పిండి పట్టించాం. వాడకట్టు ఆడవాళ్ళంతా మా డాబా మీద చేరి, పాత పంచెలు పరుచుకుని పొద్దుగూకేదాకా సకినాలు చుట్టారు. హనుమకొండలో జనవరి చలి మీకు తెలుసు కదా, వేళ్ళు కొంకర్లు పోతున్నా కబుర్లు మాత్రం ఆగలేదు.

వాడు మాత్రం కింద కూర్చోలేదు. చిన్నప్పుడు పిండి ముద్ద దొంగతనం చేసి పచ్చిదే తినేవాడు, ఇప్పుడు కుర్చీ తెచ్చుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లేచేటప్పుడు రెండు చేతులతో కుర్చీ పట్టుకుని లేచాడు. అమ్మ చూడలేదు. నేను చూశాను.

మర్నాడు భోగి. తలంట్లకు ముందు నువ్వుల నూనె వెచ్చజేసి, వీపుకు రాయమని అమ్మ నా చేతికిచ్చింది. వాడు బనియన్ తీశాడు. రెండు భుజాల మీదా రెండు పట్టీలు. చెప్పు కరిచి కరిచి కాలికి కాయ కాస్తుంది చూడండి, అట్లా నల్లగా, గట్టిగా.

"ఏందిరా ఇది?"

"సంచి పట్టీలు అక్కా."

"అంతగనం ఏం మోస్తరు?"

నేను తుపాకీ అంటాడనుకున్నాను, తూటాలు అంటాడనుకున్నాను. వాడు నవ్వి, "బ్యాటరీలు" అన్నాడు.

వాడి పని వైర్‌లెస్ సెట్టు మోయడం. ఎక్కడ, ఏ యూనిట్ అన్నది రాయను. వాడు చెప్పడు, మేం అడగం. సెట్టొక్కటే అయితే ఫర్వాలేదట. అది బతకాలంటే బ్యాటరీ కావాలి, రెండు మూడు రోజులు కొండల్లో తిరగాలంటే స్పేర్ బ్యాటరీలు కావాలి. ఒక్కోటి కిలో దగ్గర దగ్గర. రాత్రిపూట చూసే కెమెరాకు వేరేవి, టార్చికి వేరేవి. ఒకదానివి ఇంకోదాంట్లో పట్టవు (మన ఇంట్లో ఛార్జర్ల గొడవ అక్కడా ఉందన్నమాట). వీటి మీద తిండి, నీళ్ళు, బట్టలు, ఆయుధం. అంతా కలిపి ముప్పై కిలోలు దాటుతుందట ఒక్కోసారి. మనం రేషన్ బియ్యం బస్తా ఆటోలోంచి గుమ్మం దాకా తేవడానికి ఇద్దరం పడతాం.

"తిండి బరువు మంచిదక్కా" అన్నాడు. "తిన్నకొద్దీ తగ్గుతది. నీళ్ళు తాగినకొద్దీ తగ్గుతయి. బ్యాటరీ అట్లగాదు. నిండుగ ఉన్నప్పుడు ఎంతుంటదో, ఖాళీ అయినంక గూడ అంతే ఉంటది. పారేసి రానీకి లేదు. మళ్ళ మోసుకొని రావాల్సిందే."

నేను నూనె రాయడం ఆపి కాసేపు ఆ మాట దగ్గరే ఉండిపోయాను. ఇన్నేళ్ళుగా ఫోన్ ఛార్జింగ్ పెడుతున్నాను, ఖాళీ ఫోనూ నిండు ఫోనూ ఒకే బరువని ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇక్కడ నా మనసులోని ఒక పాత పుండు గురించి చెప్పాలి.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 20 మంది మన సైనికులు చనిపోయారు. వాళ్ళలో 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేట మనిషి. ఆ వార్త వచ్చిన రోజున మా తమ్ముడు కూడా అటువైపే ఉన్నాడన్నది తప్ప మాకేమీ తెలియదు. పదకొండు రోజులు ఫోన్ లేదు. కరోనా రోజులు, ఎవరింటికీ పోయేది లేదు, ఎవరూ వచ్చేది లేదు. అమ్మ టీవీ ముందు కూర్చునేది, పేర్లు వస్తే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. మా మరదలు పిల్లవాణ్ణి తీసుకుని మా దగ్గరికే వచ్చేసింది. పన్నెండో రోజు పొద్దున ఏదో కొత్త నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. నేనెత్తాను. వాడి గొంతు విన్న సంతోషం పోయి కోపం ముందుకొచ్చింది. ఒక్క ఫోన్ చేయడానికి చేతులు పడిపోయాయా అని అరిచాను. "అక్కా, బ్యాటరీ అయిపోతది, అమ్మకియ్యి" అన్నాడు. అమ్మ "బిడ్డా" అనేసరికి కట్ అయింది.

బ్యాటరీ అట, బ్యాటరీ! ఎవడైనా నమ్ముతాడా? దేశం రాకెట్లు పంపుతోంది, వీడికి ఫోన్‌లో బ్యాటరీ లేదట. నాకు చెప్పడం ఇష్టం లేక చెప్పిన సాకు అనుకున్నాను. పైకి మామూలుగానే మాట్లాడినా, లోపల అది అట్లాగే ఉండిపోయింది. నూనె రాస్తూ రాస్తూ ఇప్పుడు అడిగేశాను.

వాడు వెనక్కి తిరగకుండానే చెప్పాడు. పోస్టులో అందరికీ కలిపి ఒకే ఫోన్. జనరేటర్ రోజుకు కొద్దిసేపే వేస్తారు, ఎందుకంటే దాని కిరోసిన్, డీజిల్ కూడా ఎవరో మోసుకుని పైకి తేవాల్సిందే. ఆ కొద్దిసేపట్లో ముందు సెట్ల బ్యాటరీలు ఛార్జి కావాలి. ఇంటికి మాట్లాడే ఫోన్ వంతు చివరన. పైగా చలి. నిండా ఛార్జి చేసి పెట్టిన బ్యాటరీ పొద్దున చూస్తే చచ్చిపడి ఉంటుంది.

"మేం బ్యాటరీలను కోటు లోపల, చంకల పెట్టుకొని పండుకుంటమక్కా. నువ్వు నీ బిడ్డను పెట్టుకొని పండుకున్నట్టు. మన ఒంటి వేడికి అది బతుకుతది."

నేనేమీ అనలేదు. నూనె గిన్నె అయిపోయిందని చెప్పి లోపలికి వెళ్ళాను. అయిపోలేదు.

నేను పింగిళి కాలేజీలో బీఎస్సీ చదివిన మనిషినే. ఆ కెమిస్ట్రీ అంతా పోపుల డబ్బాలో కలిసిపోయి ఇరవై ఏళ్ళయింది. అయినా పండుగ మూడు రోజులూ, ఇంటర్ చదివే మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ బ్యాటరీ సంగతేమిటో తెలుసుకోవాలని పట్టు పట్టాను.

చలికి బ్యాటరీ ఎందుకు చస్తుందో మన స్నానాల గది కిటికీలోనే ఉంది. కొబ్బరినూనె సీసా. డిసెంబరులో గడ్డకడుతుంది, బోర్లించినా చుక్క రాదు. నూనె ఎక్కడికీ పోలేదు, సీసాలోనే ఉంది, కానీ కదలదు. లిథియం బ్యాటరీ లోపల కూడా ఒక ద్రవం ఉంటుంది, లిథియం అయాన్లు దాంట్లో ఈదుకుంటూ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పోవాలి. చలికి ఆ ద్రవం చిక్కబడితే వాటి నడక మందగిస్తుంది. మైనస్ 20 డిగ్రీల దగ్గర చాలా రకాల బ్యాటరీలు సగం శక్తి కూడా సరిగ్గా ఇవ్వలేవు. వెచ్చబెడితే మళ్ళీ లేస్తాయి. సున్నాకు కింద ఛార్జి చేయడం ఇంకా ప్రమాదం. లోపలికి ఇంకాల్సిన లిథియం, ఇంకలేక పైపైనే లోహంలా పేరుకుపోతుంది. బ్యాటరీ పాడవుతుంది, ఒక్కోసారి లోపల షార్టయి నిప్పు కూడా పుడుతుంది. లదాఖ్‌లో ఎండకు కొదవ లేదు, సోలార్ పలకలు పరిస్తే సరిపోదా అని మా అమ్మాయి అడిగింది. ఎండ ఉంటుంది, కానీ బ్యాటరీ చల్లగా ఉంటే ఆ ఎండను దాచుకోలేదు. ముందు దాన్ని వెచ్చబెట్టాలి, వెచ్చబెట్టడానికి మళ్ళీ శక్తి కావాలి. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు.

మా నాన్న ట్రాన్సిస్టర్ గుర్తొచ్చింది నాకు. సెల్స్ వీక్ అయితే అమ్మ వాటిని తీసి పెంకుల మీద ఎండలో పెట్టేది. సాయంత్రం వార్తల వేళకు రేడియో ఇంకో రెండు రోజులు పాడేది. మీరూ చేసే ఉంటారు. అమ్మ చేసింది మూఢనమ్మకం కాదు, వేడికి లోపలి రసాయన చర్య కాస్త చురుకవుతుంది, అంతే. వాడు చంకలో చేసేదీ, అమ్మ పెంకుల మీద చేసిందీ ఒకటే పని.

ఆ సెల్స్‌తోనే ఇంకో గొడవ, మరిచిపోయి లోపలే వదిలేస్తే నీరు కారి, తెల్లగా బూజులా పట్టి, రేడియోను తినేసేవి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి ఇదే తంటా. ఉష్ణదేశాల ఉక్కకు వాళ్ళ సెల్స్ నిల్వలోనే చెడిపోయేవి. శామ్యూల్ రూబెన్ అనే ఆయన అప్పుడు వాళ్ళ కోసం పాదరసం సెల్ తయారుచేశాడు. ఆయనతో కలిసి పనిచేసిన మాలరీ కంపెనీయే తర్వాత డ్యూరాసెల్ అయింది. మన గోడ గడియారంలో వేసే సెల్‌కు ఆ యుద్ధంతో ఇంత చుట్టరికం ఉందని నాకిప్పుడే తెలిసింది. ఆ రోజుల్లో వాళ్ళు వీపు మీద మోసిన ఎస్‌సీఆర్-300 అనే రేడియో, బ్యాటరీతో కలిపి దాదాపు 17 కిలోలు. ఎనభై ఏళ్ళలో సెట్టు చిన్నదైంది. అయితే పరికరాలు పెరిగాయి. వంటింట్లో మిక్సీ, గ్రైండర్ వచ్చి పని తగ్గిందన్నారు కానీ, కడగాల్సిన గిన్నెలు పెరిగాయి చూడండి, అట్లా.

ఇక మా లెక్క. 2008లో అమెరికా రక్షణ శాఖ ఒక పోటీ పెట్టింది. సైనికుడు ఒంటికి తొడుక్కునేట్టు, 4 కిలోలకు మించకుండా, సగటున 20 వాట్ల చొప్పున 96 గంటలు కరెంటు ఇచ్చే ఏర్పాటు చేయాలి. గెలిస్తే పది లక్షల డాలర్లు. 20 వాట్లంటే మా హాల్లో ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్. అది నాలుగు పగళ్ళు, నాలుగు రాత్రులు వెలగాలి. గుణిస్తే 1,920 వాట్-గంటలు, మన కరెంటు బిల్లు భాషలో రెండు యూనిట్లు కూడా కాదు! ఇరవై రూపాయల కరెంటు. కానీ ఒక కిలో లిథియం బ్యాటరీలో పట్టేది సుమారు 200 వాట్-గంటలే, అంటే యూనిట్‌లో ఐదో వంతు. ఆ ఇరవై రూపాయల కరెంటు వీపు మీద మోయాలంటే పది కిలోలు.

మా అమ్మాయి ఊరుకోలేదు, సకినాల డబ్బా వైపు చూసింది. నూనెలో వేగినవి కాబట్టి కిలో సకినాల్లో తక్కువలో తక్కువ ఐదు వేల క్యాలరీలు వేసుకోవచ్చు. దాన్ని యూనిట్లలోకి మార్చింది. ఐదున్నర యూనిట్ల పైనే! కిలో బ్యాటరీ కంటే పాతిక రెట్లు ఎక్కువ. నేను నమ్మక రెండుసార్లు చేయించాను. కారణం వింటే సబబుగానే ఉంది. బ్యాటరీ తనకు కావలసిన సరుకంతా తనతోనే మోసుకు తిరుగుతుంది. తిండి కానీ, కిరోసిన్ కానీ సగం సరుకే మోస్తాయి, మిగతా సగం, అంటే ఆక్సిజన్, గాలిలోంచి ఉచితంగా తీసుకుంటాయి. అందుకే వాడినకొద్దీ తరుగుతాయి కూడా.

ఆ పోటీలో మొదటి బహుమతి గెలిచింది ఈ కిటుకుతోనే. డ్యూపాంట్, స్మార్ట్ ఫ్యూయల్ సెల్ అనే కంపెనీలు కలిసి మిథనాల్‌తో నడిచే ఫ్యూయల్ సెల్ చేశాయి. మంట ఉండదు, మిథనాల్ గాలితో కలిసి మెల్లగా కరెంటునిస్తుంది. పక్కన చిన్న బ్యాటరీ తోడు. అయిపోతే కొత్త సీసా తగిలించుకోవడమే, ఖాళీ సీసా తేలిక. విని నేను సంబరపడ్డాను. మా తమ్ముడు తల ఊపాడు కానీ, "పైన గాలే సగం ఉంటదక్కా" అన్నాడు. నిజమే. 18 వేల అడుగుల మీద గాలి ఒత్తిడి ఇక్కడి దాంట్లో సగం. మనిషికే ఊపిరాడదు, గాలి పీల్చే యంత్రానికి ఎట్లా ఆడుతుంది? దాంట్లో నీళ్ళు కూడా ఉంటాయి, గడ్డకడతాయి. ఆ సీసాలు మళ్ళీ ఎవరో పైకి మోయాలి. ఏ వస్తువూ ఊరికే తేలికవదు, బరువు ఒక వీపు మీద నుంచి ఇంకో వీపు మీదకు మారుతుంది.

మన దగ్గర ఎవరూ ఈ పని చేయడం లేదా అని వెతికితే, దూరం పోనక్కరలేదు. హైదరాబాద్‌లో 1977లో మొదలైన హెచ్‌బీఎల్ కంపెనీ టార్పెడోలకు, క్షిపణులకు బ్యాటరీలు చేస్తుంది. అందులో థర్మల్ బ్యాటరీ గురించి చదివి ఆశ్చర్యపోయాను. లోపల ఉప్పు గడ్డకట్టి ఉంటుంది, అట్లా ఏళ్ళ తరబడి నిద్రపోతుంది, చెడిపోదు, కారిపోదు. క్షిపణిని వదిలిన క్షణంలో లోపలున్న మందు అంటుకుని ఆ ఉప్పును కరిగిస్తుంది, వెంటనే కరెంటు. ఎంత చలైనా దానికి లెక్కలేదు, తన పొయ్యి తనలోనే ఉంది కదా. కానీ కాసేపే బతుకుతుంది, ఒక్కసారే. మా వాడి సంచికి అది పనికిరాదు. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే కేంద్ర పరిశోధన సంస్థ లిథియం బ్యాటరీల్లో వేసే ఐరన్ ఫాస్ఫేట్ పొడిని ఇక్కడే తయారుచేసే పద్ధతి కనిపెట్టింది. ఆ రకం బ్యాటరీకి నిప్పంటుకునే భయం తక్కువ, కానీ మిగతా లిథియం రకాల కంటే కాస్త బరువు, చలికి ఇంకాస్త మొండి. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా వాళ్ళ లిథియం సెల్స్ ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. ఇప్పటిదాకా మన ఫోన్లలో, స్కూటర్లలో ఉన్న లిథియం సెల్స్ ఎక్కువగా చైనా నుంచి వచ్చినవే. అది చదివినప్పుడు నేనూ మా మరదలూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

కనుమ నాడు రాత్రి అందరూ పడుకున్నాక అసలు సంగతి చెప్పాడు. నడుము దగ్గర డిస్కు జారింది. సెలవు అయ్యాక మెడికల్ బోర్డు ఉంది. కేటగిరీ తగ్గిస్తే కూర్చుని చేసే పని ఇస్తారు.

"మంచిదే గదరా" అన్నాను, గబుక్కున.

"మంచిదే" అన్నాడు. కాసేపాగి, "నా సంచి మోయాల్సింది నా జాగలకు వచ్చే పోరడే అక్కా. ఇరవై రెండేండ్లుంటయి. వానికి బ్యాటరీ ఎట్ల దాసుకోవాల్నో కూడ ఇంక సరిగ తెల్వదు" అన్నాడు.

ఆ పిల్లవాడికి అక్క ఉందో లేదో నేను అడగలేదు. అమ్మకు ఇంకా ఏమీ చెప్పలేదు. అమ్మ ఈ పేజీ చదవదు, కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. వాడకట్టులో ఎవరైనా చదివితే దయచేసి మీ నోట్లోనే ఉంచుకోండి.

ప్రయాణం రోజు సంచి సర్దడం ఎప్పుడూ నా పనే. ప్రతిసారీ వాడు వద్దన్నకొద్దీ కుక్కేదాన్ని, సకినాలు, అరిసెలు, గరిజెలు, మామిడికాయ తొక్కు, ఆరేడు కిలోలకు తగ్గకుండా. ఈసారి కొక్కెం కాంటాకు తగిలించి తూచాను. తొక్కు సీసా తీసేశాను, గాజుది, అదే ముప్పావు కిలో. తొక్కును ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాను. అరిసెలు సగం చేశాను. మూడున్నర కిలోలకు తెచ్చాను. అమ్మ వచ్చి చూసి, "ఏందే, పోరనికి తిండి కూడ తూచి పెడుతున్నవా?" అని కోప్పడింది. ఏం చెప్పను? నవ్వి ఊరుకున్నాను.

కాజీపేట స్టేషన్‌లో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ వచ్చే వేళకు అమ్మ కొంగు చాటు నుంచి ఇంకో స్టీలు డబ్బా తీసింది. నిండా సకినాలు, రెండు కిలోలకు తక్కువుండవు. నాకు ప్రాణం ఉసూరుమంది. వాడి చేతిలోంచి లాక్కోబోయాను. వాడు నా చేయి తప్పించి డబ్బాను ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇది తింటే తగ్గుతది గదక్కా" అన్నాడు.

తెల్లారి ఫోన్ చేశాడు. బెర్తుల్లో చుట్టూ ఉన్నవాళ్ళు అడిగి అడిగి తిన్నారట, బల్లార్షా దాటేసరికే డబ్బా సగమైందట. "ఫోన్ నిండుగ ఉన్నదా?" అని అడిగాను. ఎనభై శాతం ఉందన్నాడు. ఇద్దరం అరగంట మాట్లాడుకున్నాం.